మేస్త్రీ ఎందుకు కూర్చున్నాడు?

నేను సైట్ ఇంజనీరుగా చేరిన కొత్తలో విజయవాడ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ పని నడుస్తోంది. ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలకు మూడో అంతస్తుకు వెళ్లాను. గోడలు కట్టే మేస్త్రీ, ఆయన ముఠాలోని ఎనిమిది మంది మెట్ల పక్కన నీడలో కూర్చుని ఉన్నారు. భోజనాల వేళ దాటి రెండు గంటలైంది. పొద్దున్నే మా మేనేజరు "లేబర్ బద్ధకం వల్లే మనం నెల వెనకబడ్డాం" అని గట్టిగా చెప్పి ఉన్నాడు కాబట్టి నేనూ అదే మూడ్‌లో ఉన్నాను.

"ఏంటి మేస్త్రీ గారూ, పని ఆపేశారు?"

"ఎక్కడ కట్టమంటారో చూపించండి సార్" అని లేచి నన్ను తిప్పి చూపించాడు. బాత్‌రూమ్ గోడ మొదలుపెడదామంటే తలుపు వెడల్పు రెండున్నర అడుగులా, రెండుంబావు అడుగులా అన్నది తేలలేదు. ఓనరు మార్చమన్నాడు, కొత్త డ్రాయింగ్ ఇంకా ఆఫీసులోనే ఉంది. పక్క గదిలో కడదామంటే స్లాబ్ కింద ప్రాప్స్, అంటే ఆసరాగా నిలిపిన గుంజలు, తీయలేదు, నిలబడటానికే చోటు లేదు. మూడో చోట అన్నీ సిద్ధమే, కానీ ఇటుక పైకి చేర్చే లిఫ్ట్ మోటారు కాలిపోయి మెకానిక్ కోసం చూస్తున్నారు. ఇటుక, సిమెంటు, ఇసుక కింద గుట్టలుగా పడి ఉన్నాయి. మనుషులు వచ్చారు. పని మాత్రం లేదు.

తొమ్మిది మంది, రెండున్నర గంటలు. దాదాపు మూడు రోజుల కూలి ఒక్క మధ్యాహ్నంలో పోయింది. దాన్ని ఎవరూ ఏ రిజిస్టర్‌లోనూ రాయలేదు. హాజరు పట్టీలో తొమ్మిది మందికీ పూర్తి రోజు పడింది, మా రిపోర్టులో "లేబర్ ప్రొడక్టివిటీ తక్కువ" అని పడింది.

ఆ రోజు నుంచి నేను సైట్లలో పని కన్నా ఎదురుచూపులను ఎక్కువగా గమనిస్తూ వచ్చాను. నిర్మాణాలు ఎందుకు ఆలస్యమవుతాయి, ఖర్చు ఎందుకు పెరుగుతుంది అని ఎవరైనా అడిగితే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. చేతిలో పని ఉన్న మేస్త్రీ నెమ్మదిగా చేయడం వల్ల పోయే కాలం చాలా తక్కువ. పని చేతికి అందక పోయే కాలమే ఎక్కువ.

ఒక చిన్న పని మొదలవ్వాలన్నా ఎన్ని కుదరాలో చూడండి. డ్రాయింగ్ ఉండాలి. సామాను రావాలి. మనుషులు ఉండాలి. పనిముట్లు, యంత్రాలు నడవాలి. నిలబడి చేయడానికి చోటు ఉండాలి. దానికి ముందు జరగాల్సిన పని అయిపోయి ఉండాలి. వాన, కరెంటు, అనుమతుల లాంటివి సహకరించాలి. మొత్తం ఏడు. నిర్మాణ రంగాన్ని పరిశోధించినవాళ్లు కూడా ఇంచుమించు ఈ ఏడింటినే లెక్కలోకి తీసుకుంటారు. ఇప్పుడు ఒక్కోటి వేళకు సిద్ధంగా ఉండే అవకాశం నూటికి తొంభై అనుకుందాం. తొంభై అంటే మన సైట్లలో గొప్ప సంగతే. ఏడూ ఒకేసారి కుదిరే అవకాశం ఎంత? 0.9ని ఏడుసార్లు గుణించండి. 48 శాతం కూడా రాదు. ప్రతి ఒక్కరూ తొంభై మార్కులు తెచ్చుకున్నా పని సగంసార్లు ఆగుతుంది. ఒక్కోటీ 95 శాతానికి పెరిగితే మొత్తం 70కి చేరుతుంది.

ఈ లెక్క కాగితానికే పరిమితం కాదు. అమెరికాలో గ్లెన్ బలార్డ్ అనే ఆయన 1990లలో నిర్మాణ స్థలాల వారపు ప్రణాళికలను తీసుకుని, "ఈ వారం చేస్తాం" అని రాసుకున్న పనుల్లో వారం చివరికి నిజంగా అయినవి ఎన్ని అని లెక్కపెట్టాడు. సగటున 54 శాతం తేలింది. అంత యంత్ర బలం, అంత పద్ధతి ఉన్న దేశంలోనే సగానికి సగం మాట తప్పింది. ఆయన, గ్రెగ్ హోవెల్ కలిసి దీనికి ఒక విధానం తయారుచేశారు. పేరు లాస్ట్ ప్లానర్. ఆఖరి ప్లానర్ అంటే ఎవరు? రేపు పొద్దున ఎవరు ఎక్కడ ఏం చేయాలో నిజంగా నిర్ణయించే మనిషి. మన దగ్గరైతే మేస్త్రీ, సెంట్రింగ్ ముఠా పెద్ద, ప్లంబర్, ఎలక్ట్రీషియన్. ప్రణాళిక హెడ్డాఫీసు కంప్యూటర్‌లో పుట్టినా, దాన్ని నిలబెట్టేది వీళ్లే. కాబట్టి వీళ్లనే కూర్చోబెట్టి వీళ్ల నోటితోనే మాట తీసుకోవాలి అన్నది ఆ విధానం సారం.

దీన్ని నేను తర్వాతి సైట్‌లో పెట్టి చూశాను. శనివారం సాయంత్రం గంటసేపు అందరూ కూర్చుంటారు. గోడకు ఒక పెద్ద బోర్డు. ముందుగా వచ్చే ఆరు వారాల్లో రాబోయే పనులు చూస్తాం. ఏ పనికి ఏది అడ్డమో అప్పుడే రాసి, దాన్ని తొలగించే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగిస్తాం. "లిఫ్ట్ గోడల డ్రాయింగ్, ఫలానా తేదీకి" అన్నట్టు. అడ్డంకులన్నీ తొలగిన పనులే వచ్చే వారం జాబితాలోకి వస్తాయి. వచ్చే శనివారం ఎన్ని అయ్యాయో చూస్తాం. కానివాటికి కారణం రాస్తాం. అంతే. ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు.

కానీ మొదటి నెల ఇది ఘోరంగా విఫలమైంది. కారణం రెండు మాటలు: "అయిపోతుంది సార్." ఏది అడిగినా అదే జవాబు. శుక్రవారానికి ప్లాస్టరింగ్ అవుతుందా? అయిపోతుంది సార్. కరెంటు వైర్ల కాండ్యూట్ పైపులు వేయలేదు కదా? అయిపోతుంది సార్. అబద్ధం చెప్పాలని కాదు. పెద్దవాడు అడిగినప్పుడు కాదనడం మర్యాద కాదు. పైగా కాదన్నవాడికి మరుసటి పని దక్కకపోవచ్చు. అడిగేవాడికీ ఆ జవాబే కావాలి, ఎందుకంటే అతను తన పై మనిషికి అదే చెప్పాలి. ఇలా "అయిపోతుంది" అన్న మాట మెట్టు మెట్టుగా పైకెక్కి చివరికి మంత్రి గారి సమీక్షలో డెడ్‌లైన్‌గా కూర్చుంటుంది.

ఐదో వారం సెంట్రింగ్ ముఠా పెద్ద, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆయన, లేచి "ఈ వారం నాకు ఆ స్లాబ్ ఇవ్వకండి. షీట్లు కింది అంతస్తులో ఇరుక్కున్నాయి, నావల్ల కాదు" అన్నాడు. గది అంతా నిశ్శబ్దం. మా ప్రాజెక్టు మేనేజరు, ఇప్పటికీ ఆయన మీద నాకు గౌరవం, "మంచిది, చెప్పావు. షీట్లు అద్దెకు తెస్తే ఎప్పటికి అవుతుంది?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో బోర్డు పనిచేయడం మొదలైంది. కాదు అన్నవాడికి కోపం బదులు సాయం దొరికిందని అందరూ చూశారు. అక్కడి నుంచి మాట ఇవ్వడానికి ఆలోచించారు, ఇచ్చాక నిలబెట్టుకున్నారు. నా అనుభవంలో నిర్మాణ నిర్వహణ మొత్తంలో అత్యంత కష్టమైన పని ఇదే. నిజం చెప్పినవాడికి నష్టం రాకుండా చూడటం.

ఇక ఏ పని ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న. ఇల్లు కట్టినవాళ్లందరికీ ఇది కొంత తెలుసు. పునాది ఎండక పిల్లర్ లేవదు, పైపులు వేయక ప్లాస్టరింగ్ చేయరు. వేల పనులున్న చోట ఈ వరుసను లెక్కగట్టే పద్ధతిని 1957 ప్రాంతంలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ కోసం తయారుచేశారు. క్రిటికల్ పాత్ మెథడ్ అంటారు. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనుల గొలుసుల్లో అన్నిటికన్నా పొడవైనది ఏదో కనిపెట్టడం దాని పని. ఆ గొలుసులో ఒక రోజు పోతే మొత్తం ప్రాజెక్టుకే ఒక రోజు పోతుంది. మిగతా గొలుసుల్లో కాస్త వెసులుబాటు ఉంటుంది. ఇది తెలియకపోతే అన్నిటినీ ఒకే తొందరతో తరుముతాం. కాంపౌండ్ గోడకు రంగులు వేసేసి, లిఫ్ట్ ఆర్డర్ ఇవ్వడం మర్చిపోతాం.

ఈ గొలుసులో మనిషి చేతిలో లేని సమయాలూ ఉంటాయి. స్లాబ్ కింద ప్రాప్స్ ఎప్పుడు తీయాలో మన ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. మామూలు సిమెంటుతో వేసిన స్లాబ్ నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, అయితే 7 రోజులు, దాటితే 14 రోజులు. ఆరు మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని ఈ రోజులను కుదించే ఓనర్లను చూశాను. సరేనన్న కాంట్రాక్టర్లనూ చూశాను. కాంక్రీటు బలం తెచ్చుకోవడానికి పట్టే కాలాన్ని తిట్టి తగ్గించలేం. ఎక్కువమందిని దింపితే పని వేగం పెరుగుతుందన్నదీ అన్నిచోట్లా నిజం కాదు. ఒక ఫ్లాట్‌లో టైల్స్ వాళ్లు, కార్పెంటర్లు, పెయింటర్లు ఒకేసారి దిగితే ఒకరి పనిని ఒకరు పాడుచేస్తారు. వేసిన టైల్ పగులుతుంది, పూసిన గోడ గీసుకుపోతుంది. రెండోసారి చేసే పనికి రెండోసారి డబ్బు, రెండోసారి రోజులు.

వరుస తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్లం పోలవరంలో చూశాం. గోదావరి మీద అక్కడ కట్టే ప్రధాన డ్యామ్ మట్టి, రాళ్లతో కట్టేది. అది కూర్చునే నది గర్భంలో లోతుగా ఇసుక. ఇసుక గుండా నీరు అడుగు నుంచి ఊరి పోకుండా, కింద రాతి పొర దాకా కాంక్రీటు గోడ దింపాలి. అదే డయాఫ్రమ్ వాల్. నది మధ్యలో ఈ పనులు చేయాలంటే ఎగువన, దిగువన తాత్కాలిక కట్టలు, అంటే కాఫర్ డ్యామ్‌లు కట్టి, వరదను పక్కనున్న స్పిల్‌వే, అంటే నీటిని వదిలే గేట్ల కట్టడం, గుండా మళ్లించాలి. డయాఫ్రమ్ వాల్ 2018లో పూర్తయింది. 2019లో వరద వచ్చేనాటికి కాఫర్ డ్యామ్‌లు పూర్తికాలేదు, మధ్యలో ఖాళీలున్నాయి. అంత వెడల్పున పారే గోదావరి ఆ ఇరుకు ఖాళీల్లోంచి దూసుకెళ్లడంతో నది గర్భంలో పెద్ద పెద్ద గోతులు పడ్డాయి, గోడ దెబ్బతింది. నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించింది 2021లో. చివరికి పాత గోడను బాగుచేయడం మాని కొత్త గోడ కట్టాలని తేల్చారు. ఆ పని 2025 జనవరిలో మొదలైంది. ఖర్చు దాదాపు 990 కోట్లు.

తప్పు ఏ ప్రభుత్వానిది అన్న వాదన రాజకీయ వేదికల మీద సాగుతూనే ఉంది. నాకు ఇక్కడ కావలసింది పనుల గొలుసు. కాఫర్ డ్యామ్‌లలో ఖాళీలు ఎందుకున్నాయి? కట్టను పూర్తి ఎత్తుకు లేపితే ఎగువన నీరు నిలిచి ఊళ్లు మునుగుతాయి. ఆ ఊళ్లలో జనం ఇంకా ఉన్నారు. వాళ్లకు పునరావాస కాలనీలు సిద్ధం కాలేదు, పరిహారం పూర్తిగా అందలేదు. అంటే ఆ కాంక్రీటు గోడ భద్రత, ఎక్కడో పాపికొండల వైపు ఒక గిరిజన కుటుంబానికి ఇల్లు అప్పగించే తేదీతో ముడిపడి ఉంది. మన ఇంజనీరింగ్ షెడ్యూళ్లలో మాత్రం పునరావాసం వేరే శాఖ, వేరే ఫైలు. 2005-06 ధరల ప్రకారం 10,151 కోట్లు అనుకున్న ప్రాజెక్టు 2017-18 ధరలకు 55 వేల కోట్లు దాటింది. అందులో సగానికి పైగా భూసేకరణ, పునరావాసాలదే. లక్షకు పైగా కుటుంబాల బతుకును చివర్లో చూసుకునే పనిగా లెక్కేయడం వాళ్ల పట్ల అన్యాయం. అది ప్రాజెక్టుకూ మంచిది కాదని గోదావరే చూపించింది.

దేశం మొత్తం లెక్క చూసినా చిత్రం ఇదే. 150 కోట్లు, ఆపైన ఖర్చయ్యే కేంద్ర ప్రాజెక్టులను గణాంక మంత్రిత్వ శాఖ గమనిస్తుంది. 2023 డిసెంబరు నాటి దాని నివేదికలో 1,820 ప్రాజెక్టులుంటే 848 ఆలస్యంగా నడుస్తున్నాయి. 431 ప్రాజెక్టుల ఖర్చు మొత్తం 4.82 లక్షల కోట్లు పెరిగింది. కారణాల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి భూసేకరణ, అటవీ అనుమతులు, నిధుల జాప్యం, టెండర్ల జాప్యం. పార పట్టుకున్న మనిషిది ఆ జాబితాలో చాలా చిన్న వాటా.

నిధుల సంగతి విడిగా చెప్పాలి. ప్రభుత్వ పనిలో కాంట్రాక్టరు పని చేస్తాడు, కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కుతాయి, బిల్లు తయారవుతుంది. తర్వాత అది బల్లల మీద తిరుగుతూ ఉంటుంది. ఈలోగా సిమెంటు డీలరు అప్పు ఇవ్వడం మానేస్తాడు. ముఠా మేస్త్రీకి వారం కూలి అందదు. ఆ ముఠా పక్క ఊరి పనికి వెళ్లిపోతుంది. రెండు నెలల తర్వాత డబ్బు వచ్చినా ముఠా రాదు. ఒకప్పుడు దేశమంతా ప్రాజెక్టుల మట్టి పనికి పేరుపడ్డ పాలమూరు కూలీలు గానీ, ఇప్పుడు హైదరాబాద్ టవర్లు కడుతున్న బిహార్, ఒడిశా, జార్ఖండ్ కార్మికులు గానీ, చెల్లింపు ఆగితే మొదట దెబ్బ తినేది వాళ్లే. బిల్లు ఆలస్యమవుతుందని ముందే తెలిసిన కాంట్రాక్టరు ఆ వడ్డీని టెండర్లోనే కలుపుకుంటాడు. లేదా అతి తక్కువకు కోట్ చేసి పని పట్టుకుని, తర్వాత ఎక్స్‌ట్రా ఐటమ్స్ పేరుతో, నాణ్యత తగ్గించి రాబట్టుకుంటాడు. ఎలా చూసినా ప్రజల డబ్బే.

దీన్ని కేంద్రం గుర్తించకపోలేదు. 2021 అక్టోబరులో ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, రన్నింగ్ బిల్లు, అంటే పని నడుస్తుండగా అప్పటిదాకా అయినదానికి పెట్టే బిల్లు, అందిన 10 పని దినాల్లో కనీసం 75 శాతం చెల్లించాలి, మిగతాది పూర్తిగా సరిచూసి 28 పని దినాల్లో ఇవ్వాలి అని ఉంది. అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికే పని అన్న నియమాన్నీ కొంత సడలించారు. కొన్ని పనుల్లో నాణ్యతకు 30 శాతం వరకు మార్కులు కలపవచ్చు. ఈ రెండూ ఎంతో విలువైన మార్పులు. రాష్ట్రాల్లో, మున్సిపాలిటీల్లో, పంచాయతీరాజ్ పనుల్లో కూడా ఇదే పద్ధతి కచ్చితంగా నడిస్తే ఎన్ని సగం కట్టిన వంతెనలు పూర్తవుతాయో అనిపిస్తుంది.

ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో జబ్బు వేరు. ఇక్కడ డబ్బు వస్తుంది గానీ పక్క ప్రాజెక్టుకు పోతుంది. అందుకే 2016 నాటి రెరా చట్టం, కొనుగోలుదారుల నుంచి తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరిట ప్రత్యేక ఖాతాలో ఉంచాలంది. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ పని ఎంత జరిగిందో ధ్రువీకరించాకే, ఆ మేరకు తీసుకోవాలి. అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఫ్లాటు కొనేవాళ్లు మార్బుల్ మెరుపు చూసే ముందు రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి చూడటం మంచిది.

మన దేశంలో ఇవన్నీ కలిసి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. రైల్వే ఇంజనీరు ఈ. శ్రీధరన్ పేరు అందరికీ తెలుసు. ఆయన చదివింది మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో అని చాలామందికి తెలియదు. 1964 డిసెంబరు తుపానులో రామేశ్వరం దగ్గర పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోయింది. బాగుచేయడానికి మొదట ఇచ్చిన గడువు ఆరు నెలలు, తర్వాత మూడుకు కుదించారు. ఆయన 46 రోజుల్లో రైలు నడిచేలా చేశారు. ఎలా? కొత్త గర్డర్ల (వంతెన ఇనుప దూలాల) కోసం ఎదురుచూడకుండా, సముద్రంలో పడిపోయిన పాత గర్డర్లనే జాలర్ల సాయంతో వెతికించి పైకి తీయించి, మళ్లీ అమర్చారు. ఆ పని గొలుసులో అతి పొడవైన ముడి గర్డర్లు రావడమే. ఆయన ఆ ముడినే విప్పారు. మిగతా చోట్ల ఎంత పరుగెత్తించినా 46 రోజులు వచ్చేది కాదు.

ఆయన నడిపించిన ఢిల్లీ మెట్రోలోనూ అదే చూపు. 1998లో మొదలైన 65 కిలోమీటర్ల తొలి దశకు పదేళ్లు అనుకుంటే 2005 చివరికే పూర్తిచేశారు. ఆఫీసుల్లో, సైట్లలో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే బోర్డులు పెట్టారని అందరూ చెబుతారు. నాకైతే ఆ బోర్డుల కన్నా వాటి వెనక ఉన్నవి ముఖ్యం. నిర్ణయాధికారం సంస్థలోనే ఉంది, ఫైలు ఊరంతా తిరగలేదు. దారిలో ఉన్న నీటి పైపులు, కేబుళ్లు తవ్వకానికి ముందే మార్చారు. కాంట్రాక్టర్ల బిల్లుల్లో ఎక్కువ భాగం వెంటనే చెల్లించి మిగతాది తర్వాత సరిచూసుకున్నారు. ఇవేవీ లేకుండా అంకెలు తగ్గే బోర్డు ఒక్కటి తెచ్చి పెడితే, అది జనానికి టెన్షన్ తప్ప ఇంకేమీ ఇవ్వదు. అలా పెట్టిన సైట్‌లో నేను పనిచేశాను. బోర్డులో రోజులు అయిపోయాయి, పని మిగిలింది. తర్వాత ఎవరో బోర్డు తీసేశారు.

అదే ఢిల్లీ మెట్రోలో 2009 జులై 12న జమ్రూద్‌పూర్ దగ్గర కడుతున్న వంతెన భాగం కూలి ఆరుగురు చనిపోయారు. శ్రీధరన్ నైతిక బాధ్యత తీసుకుని ఆ రోజే రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన కొనసాగారు. అంత బాగా నడిచిన సంస్థలోనే ఇది జరిగిందంటే, మామూలు సైట్లలో పని ఆపించే హక్కు ఎవరికి ఉందో ఒకసారి అడగాలి. మా శనివారం బోర్డులో మేం తర్వాత ఒక గడి కలిపాం: "భయంగా ఉన్న చోటు." మొదటి వారం అందులో ఎవరూ ఏమీ రాయలేదు. రెండో వారం ఒక హెల్పర్ అమ్మాయి, చదువు రాదు కాబట్టి మేస్త్రీతో రాయించింది. నాలుగో అంతస్తు లిఫ్ట్ గుంత దగ్గర రెయిలింగ్ కట్టిన తాడు తెగి మూడు రోజులైందని. మేం రోజూ అటే నడుస్తున్నాం. ఆ సాయంత్రమే ఇనుప పైపుతో కొత్త రెయిలింగ్ బిగించి, ఆమెను పిలిచి చూపించాం. ఊపి చూసి, సరేనని వెళ్లింది. మూడో వారం ఆ గడిలో పదకొండు చోట్లు వచ్చాయి.